వికలాంగ బాలలు: పోషణమునుండి హక్కువఱకు

పంచాయతీ సభ్యులారా,

పుట్టుగ్రుడ్డికి, పుట్టుచెవిటికి, మూగకు, మతిలేనివానికి తండ్రి ఆస్తిలో భాగము లేదని మనుస్మృతి విధించినది. అయితే అట్టివారికి శక్తికొలది అన్నవస్త్రములు ఇచ్చి తీరవలెననియు శాసించినది. అనగా పోషణము కలదు, హక్కు లేదు.

ఈ నియమము శతాబ్దములపాటు నిలిచెను. 1928లో వచ్చిన చట్టము దానిని చాలవఱకు తొలగించినను, పుట్టుకతో మతిస్థిమితము లేనివారిని మాత్రము విడిచిపెట్టెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ఆ మినహాయింపునుగూడ తుడిచివైచినది.

చదువు విషయమునను ఇట్లే జరిగినది. 1887లో అమృతసర్‌లో అంధులకు పాఠశాల వెలసినను, అట్టి విద్య చిరకాలము దాతల దయపైననే ఆధారపడెను. 2016 నాటి చట్టము ప్రకారము 40 శాతము, అంతకు మించి వైకల్యముగల 6 మొదలు 18 ఏండ్ల బిడ్డకు సమీపపు బడిలోగాని, కోరిన ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితముగా చదువుకొను హక్కు కలదు.

చట్టము మారినంతనే ఇల్లు మారదు. "బడికేల? ఇంటనే కూర్చుండి తిననిండు" అను మాట ప్రేమతో పలికినదే కావచ్చును, కాని అది పాత నియమమే. మన గ్రామమున అట్టి బిడ్డలెందఱు, బడికి పోవువారెందఱు అను లెక్క వచ్చు సమావేశమున మన ముందుండవలెను. బడి మెట్ల ప్రక్క వాలుదారి కలదాయని చూడవలెను. పొలము పంపకమునకు పెద్దలుగా మనలను పిలిచినపుడు, ఆ బిడ్డ పేరు కాగితముపై ఉన్నదాయని ముందుగా అడుగవలెను.

అన్నము పెట్టితిమని తృప్తిపడుట చాలదు.