కన్వేయర్ బెల్టును నడిపే బలం

సింగరేణిలో బొగ్గు మోసే కన్వేయర్ అనగానే పొడవాటి రబ్బరు బెల్టే కళ్లముందు మెదులుతుంది. దాన్ని కదిలించే పనితనమంతా డ్రైవ్ దగ్గరే, అంటే మోటారు, గేర్‌బాక్స్, బెల్టును లాగే డ్రమ్ము దగ్గరే ఉంది.

నాలుగు పోల్స్ మోటారు నిమిషానికి దాదాపు 1,480 చుట్లు తిరుగుతుంది. గేర్‌బాక్స్ ఆ వేగాన్ని 30వ వంతుకు దించితే, మీటరు వ్యాసమున్న డ్రమ్ము నిమిషానికి 49 చుట్లు తిరిగి, బెల్టును సెకనుకు సుమారు రెండున్నర మీటర్లు నడుపుతుంది. వేగం తగ్గిన మేరకు తిప్పే బలం పెరుగుతుంది. కొంత శక్తి మాత్రం వేడిగా పోతుంది.

డ్రమ్ముకూ బెల్టుకూ మధ్య పళ్లుండవు, ఉన్నదంతా రాపిడి పట్టే. అందుకే డ్రమ్ముకు గాళ్లున్న రబ్బరు తొడుగు వేస్తారు. పక్కన చిన్న పుల్లీ పెట్టి, బెల్టు డ్రమ్మును మరికాస్త చుట్టుకునేలా చేస్తారు. బరువు వేలాడదీసి బిగువు నిలుపుతారు. తడికి బెల్టు జారి ఆగిపోతే, డ్రమ్ము ఒక్కటే తిరిగి తిరిగి నిప్పు పుట్టవచ్చు. బొగ్గు పక్కన నిప్పంటే ఇక చెప్పాలా! బెల్టు వేగం పడిపోగానే మోటారును ఆపే స్విచ్ అక్కడ ఉండి తీరాలి.

ఎత్తుకు ఎక్కే బెల్టు, కరెంటు పోతే సరుకు బరువుకు వెనక్కి పరిగెడుతుంది. ఒకే దిక్కుకు తిరగనిచ్చే హోల్డ్‌బ్యాక్ దాన్ని పట్టి ఆపుతుంది. తనిఖీలో మోటారు కంటే ముందు చూడవలసింది దీన్నే అంటాను.