బ్రేకు పాఠం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి ఏ విషయం మాట్లాడతావని అడిగితే కార్ల గురించి అన్నాను. “బడి స్వర్ణోత్సవంలో కార్లేమిటప్పా?” అన్నారు. పది నిమిషాలు ఇప్పించండి, ఎక్కడెక్కడో తిరిగినా చివరికి బడి గేటు దగ్గరే బండి ఆపుతానని మాటిచ్చాను.

మా బ్యాచ్‌లో అయిదారుగురికి పాత కార్ల పిచ్చి. నెలకో ఆదివారం పొద్దున ఆరింటికల్లా హిందూపురంలో ఒక మెకానిక్ షెడ్డు ముందు కలుస్తాం. నాది ప్రీమియర్ పద్మిని. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే మిత్రుడిది ఇసుజు ఇంజిను ఉన్న కాంటెస్సా. బెంగళూరులో స్థిరపడినవాడిది శాన్ స్టార్మ్. ఆ పేరు మీలో చాలామంది విని ఉండరు. మన దేశంలోనే తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. పైకప్పు తీసెయ్యొచ్చు. ఒళ్లంతా ఫైబర్ గ్లాసు. లోపల రెనో కంపెనీ 1.2 లీటర్ల ఇంజిను. లేపాక్షిలో దాన్ని ఆపితే, నందిని చూడటానికి వచ్చినవాళ్లు దీని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. 27 అడుగుల పొడవున్న ఆ నందికి ఈ చిన్న బండిని చూసి కోపం రాకపోవడం మా అదృష్టం.

మేం కలిస్తే ముందు కాఫీ, తర్వాత రోగాల జాబితా. మా వయసువాళ్లు కలిస్తే షుగరు, బీపీ మాట్లాడుకుంటారు. మేం ఆయిలు లీకు, రేడియేటరు మాట్లాడుకుంటాం. శాన్ స్టార్మ్‌కు బంపరు దగ్గర చీలిక వచ్చింది. ఫైబర్ బాడీని సుత్తితో కొట్టి సరిచేసే వీలు లేదు. లోపలివైపు గీకి, గ్లాసు మ్యాటు పరిచి, రెజిన్ పూసి, ఆరాక సాపు చెయ్యాలి. ఇంటి మీద నీళ్ల ట్యాంకుకు అతుకు వేసే పద్ధతే. ఈమధ్య ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక కార్బురేటరు బండ్లకు ఇంకో తిప్పలు. పాతకాలపు రబ్బరు గొట్టాలు, వాషర్లు ఇథనాల్‌ను తట్టుకోలేక పాడవుతాయి. ఈ సభలో పాత బండి ఉన్నవాళ్లెవరైనా ఉంటే, రేపే బానెట్ ఎత్తి పెట్రోలు గొట్టం ఒకసారి చూసుకోండి. గొట్టం వెల నూట్లలో ఉంటుంది, మంట అంటుకుంటే బండే పోతుంది.

పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఏడాదికి మూడు లక్షల కార్లు తయారు చెయ్యగల ఫ్యాక్టరీ అది. మేం చదువుకునే రోజుల్లో ఆ దారిలో కారు కనిపిస్తే చెయ్యి ఊపేవాళ్లం. ఇప్పుడు కొత్త కార్లు మోసుకుపోయే పెద్ద ట్రక్కుల వెనక మా పాత బండ్లు మెల్లగా పోతుంటాయి. కార్లు పుట్టే చోటు ముందు నుంచే వెళ్లి, ఒక చిన్న గ్యాస్కెట్ కోసం బెంగళూరు జేసీ రోడ్డంతా తిరిగి వస్తాం.

మాకు ఇష్టమైన దారి ఒకటుంది. హిందూపురంలో బయలుదేరి, సోమందేపల్లి మీదుగా పెనుకొండ. అక్కడ కొండ కింద ఇడ్లీ. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని మార్చుకున్న ఊరు కదా, గగన్ మహల్ దగ్గర కాసేపు నిలబడతాం. మళ్లీ హైవే ఎక్కి చెన్నేకొత్తపల్లి దాకా పోయి, కుడివైపు తిరిగితే ధర్మవరం. వానలు బాగా పడిన ఏడాది ధర్మవరం చెరువు కట్ట మీద నిలబడితే, ఇది మన కరువు సీమేనా అనిపిస్తుంది. మగ్గాల చప్పుడు వినిపించే వీధిలో మా కాంటెస్సా మిత్రుడి ఇల్లు. మధ్యాహ్నం భోజనం వాళ్లింట్లోనే. ఈ దారిలో మేం ఎక్కడా గంటకు 70 కిలోమీటర్లు దాటం. స్పోర్ట్స్ కారు పెట్టుకుని ఇదేం నడక అని పిల్లలు నవ్వుతారు. దాని వెనక ఒక కథ ఉంది. నేను ఈరోజు చెప్పాలనుకున్నది అదే.

1998. మా చెల్లెలి పెళ్లి కుదిరింది. అప్పటికి పద్మిని కొని రెండు మూడేళ్లయింది. షోళవరంలో ఫియట్లు పందేలకు పరుగెత్తిన ఫోటోలు చూసి నాకు తల తిరిగింది. జీతంలో మిగిల్చిందంతా పోసి, బెంగళూరులో రెండు కార్బురేటర్లు పెట్టించాను. సైలెన్సరు మార్పించాను. బండి గర్జించేది. ఆ రోజుల్లో నాకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను సంగతి తెలియదు. కంపెనీ చేసిన బండికి, ఆర్సీలో రాసినదానికి తేడా వచ్చేలా మార్పులు చెయ్యకూడదని అందులో ఉంది. తెలిసినా వినేవాణ్ని కాదేమో.

హిందూపురంలో షెడ్డు నడిపేది మా క్లాసువాడే. ఊళ్లో అందరూ భాయ్ అంటారు, నేనూ అలాగే అంటాను. వాడికి బండి చూపించి మెప్పు కోసం నిలబడ్డాను. వాడు ఇంజిను వైపు చూడనే లేదు. చక్రాల దగ్గర కూర్చుని, “బ్రేకు ఆయిలు ఎప్పుడు మార్చినావప్పా?” అన్నాడు. కొన్నాక మార్చలేదన్నాను. “ముందు నాలుగు డ్రమ్ములూ విప్పుదాం, లైనింగు చూద్దాం” అన్నాడు. కూలీ కోసం పని పుట్టిస్తున్నాడని నేను మనసులో అనుకున్నాను. ఇరవై ఏడేళ్లుగా ఎవరికీ చెప్పని మాట, ఈరోజు గురువుల ముందు ఒప్పుకుంటున్నాను.

మరుసటి వారం మడకశిరలో మా చిన్నాన్న వాళ్లింటికి వెళ్లి, అక్కడి నుంచి పెళ్లిచీరల కోసం ధర్మవరం బయలుదేరాం. బండిలో అమ్మ, పిన్నమ్మ, పెళ్లికూతురు. పెనుకొండ ఘాట్‌లో దిగుడు మొదలైంది. పెట్రోలు మిగులుతుందని గేరు తీసి న్యూట్రల్‌లో వదిలాను. బ్రేకు తొక్కుతూ, వదులుతూ, తొక్కుతూ దిగుతున్నాను. నాలుగో మలుపో అయిదో మలుపో గుర్తులేదు, కాలు నేలకు తగిలింది. బ్రేకు లేదు.

అమ్మకు చెప్పలేదు. స్టీరింగు పక్కనున్న గేరును బలంగా లాగి రెండోదాంట్లోకి తోశాను. ఇంజిను కేకేసింది. చేతిబ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ, ఎడమవైపు మట్టిగట్టుకు బండిని రాసుకుంటూ పోయాను. ఆగింది. రెండు తలుపులు సొట్టబోయాయి. మనుషులకు ఏమీ కాలేదు. కుడివైపు ఏముందో అప్పుడు చూశాను, లోయ. పెళ్లికూతురు దిగి, “అన్నా, చీరలకు ఇంత తొందరేమి?” అంది. దానికి ఇప్పటికీ తెలియదు నా కాళ్లు ఎంత వణికాయో.

లారీ ఎక్కి పెనుకొండ వెళ్లి ఎస్టీడీ బూతు నుంచి షెడ్డుకు ఫోన్ చేశాను. భాయ్ స్కూటరు మీద ఆయిలు డబ్బా, సామాన్ల సంచి పెట్టుకుని వచ్చాడు. నేను చెప్పానా అనలేదు. ఆడవాళ్లకు నీళ్లు తెచ్చి ఇచ్చి, బస్సు ఎక్కించి, తర్వాత చక్రం విప్పాడు. డ్రమ్ము ఇంకా సెగలు కక్కుతోంది. నా చెయ్యి పట్టుకుని దాని దగ్గరగా తీసుకెళ్లి ఆపాడు. “సార్ ఎనిమిదో తరగతిలో చెప్పింది ఇదే కదప్పా. నీకు నూటికి ఎనభై మార్కులు వచ్చినాయి. నాకు చేతులకు వాతలు వచ్చినాయి” అని నవ్వాడు.

ఆ పాఠం మీలో కొందరికి గుర్తుండొచ్చు. మన ఫిజిక్స్ సారు క్లాసులోకి సైకిలు తెచ్చి తలకిందులు చేసి నిలబెట్టారు. చక్రం జోరుగా తిప్పి బ్రేకు నొక్కారు. “తిరిగిన శక్తి ఎక్కడికి పోయింది?” అన్నారు. ముందు బెంచీల్లో ఉన్న మేమంతా పుస్తకంలో వెతికాం. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి వచ్చి, బ్రేకు రబ్బరును వేలితో ముట్టుకుని, “ఇక్కడుంది సార్, కాలుతాంది” అన్నాడు. సారు వాడి భుజం తట్టి, క్లాసు మొత్తాన్ని వరుసలో నిలబెట్టి ఆ రబ్బరు ముట్టుకోమన్నారు. ఆ ఒక్కడు భాయ్.

ఘాట్‌లో జరిగిందీ అంతే. దిగుడు మీద అదేపనిగా బ్రేకు తొక్కితే పరుగంతా వేడిగా మారి డ్రమ్ములో చేరుతుంది. డ్రమ్ము సాగుతుంది, లైనింగు పట్టు తగ్గుతుంది. పైగా బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చకపోతే ఆ నీరు వేడికి ఆవిరవుతుంది. ఆయిలును అదిమితే ఒత్తిడి చక్రం దాకా పోతుంది. ఆవిరిని అదిమితే అదే నలిగిపోతుంది, కాలు నేలకు తగులుతుంది. అందుకే రెండేళ్లకోసారి ఆయిలు మార్చాలి. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. భాయ్ ఆరోజు చెప్పిన మాట మా షెడ్డు గోడ మీద రాయించాం: “పరిగెత్తించడానికి ముందు, ఆపడానికి ఖర్చు పెట్టు.”

2015 జనవరి 7న అదే ఘాట్‌లో, మడకశిర నుంచి పెనుకొండకు వస్తున్న బస్సు లోయలో పడింది. పోయినవాళ్లలో ఎక్కువమంది చదువుకునే పిల్లలు. ఆ దారిన వెళ్లిన ప్రతిసారీ మేం బండ్లు పక్కకు ఆపి దిగి, ఒక నిమిషం నిలబడతాం. ఆ పిల్లల ప్రయాణం కూడా బడి కోసమే.

ఇప్పుడు మాటిచ్చినట్టు బడి గేటు దగ్గరికి వచ్చాను. భాయ్ పదో తరగతి ఇంగ్లీషులో తప్పాడు. ఆ ఏడాదే వాళ్ల నాన్న మంచాన పడ్డారు. వాడు షెడ్డులో చేరాడు, మళ్లీ పరీక్ష రాయలేదు. ఈరోజు నన్ను పద్మినిలో ఇక్కడికి తీసుకొచ్చింది వాడే. లోపలికి రారా అంటే, “నాకు కార్డు రాలేదప్పా, నువ్వు పోయిరా” అని బయట కారులో కూర్చున్నాడు. కార్డు ఎందుకు రాలేదని కార్యదర్శిగారిని అడిగాను. ఆయన తప్పు లేదు. పూర్వ విద్యార్థుల జాబితాను పదో తరగతి పాసైనవాళ్ల పట్టిక చూసి తయారు చేశారట. దాన్ని సరిచూసినవాళ్లలో నేనూ ఉన్నాను. వాడి పేరు లేదని నాకూ తట్టలేదు.

ఆఫీసు బీరువాలో అడ్మిషన్ రిజిస్టరు ఉంది. అందులో భాయ్ పేరు ఉంది, వాడిలాగా మధ్యలో మానేసిన వాళ్లందరి పేర్లూ ఉన్నాయి. మన జాబితాను ఆ రిజిస్టరు నుంచి మళ్లీ రాద్దామని నా విన్నపం. ఆ రాతపని నేను చేస్తాను, బ్యాచ్‌కు ఒకరు తోడు వస్తే చాలు. రెండోది, సైన్సు గదికి ఒక పాత ఇంజిను, ఒక బ్రేకు డ్రమ్ము కోసి లోపల కనిపించేలా చేసి ఇస్తానని భాయ్ ఎప్పటినుంచో అంటున్నాడు. హెడ్మాస్టరుగారు అనుమతిస్తే, ఎనిమిదో తరగతికి ఆ పాఠం వాడి చేతే చెప్పిద్దాం.

నా పది నిమిషాలు అయిపోయాయి. మన ఫిజిక్స్ సారు ఇక్కడే ముందు వరుసలో ఉన్నారు. సార్, మీ శిష్యుడు గేటు బయట ఉన్నాడు. నేను పిలిస్తే రాలేదు. మీరు పిలిస్తే వస్తాడు.