రాయి బరువు ఎంత?



నంద్యాల నుంచి కడప దారిలో పోతే సుమారు 40 కిలోమీటర్లకు ఆళ్లగడ్డ వస్తుంది. ఆళ్లగడ్డ అంటే శిల్పాల ఊరు. ఉలి దెబ్బకు అక్కడ రాయి దేవుడవుతుంది. కానీ ఉలి పట్టకముందే ఆ రాయిని లారీ మీది నుంచి దించాలి. విగ్రహం అయ్యాక మళ్లీ లారీలోకి ఎక్కించాలి. నంద్యాలలో మేడలు కట్టే చోటా ఇదే కథ. ఇనుము, రాళ్లు, దూలాలు పైకి పోవాలి.

ఒకప్పుడు పదిమంది గడ్డపారలు వేసి, దుంగల మీద రాయిని దొర్లించేవాళ్లు. ఇప్పుడు క్రేను వచ్చింది. నడుము నొప్పి తగ్గింది. మరి ప్రాణభయం తగ్గిందా? జాగ్రత్త ఉంటేనే తగ్గుతుంది.

"ఏమప్పా, ఈ రాయి ఎంత బరువుంటాది?" అని అడిగి చూడండి.

"ఎంతుంటే ఏముందిలే, క్రేను లేపుతాది" అంటారు.

ఆ మాటే మనిషిని చంపుతుంది. రాయి ఎత్తేముందు బరువు తెలియాలి. ఆ లెక్క కష్టమేమీ కాదు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గ్రానైట్ రాయి సుమారు 75 కిలోలు ఉంటుంది. అంటే ఒక వడ్ల బస్తా బరువు. 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు ఉన్న రాయి ఎంత? 6ను 3తో, దాన్ని మళ్లీ 3తో హెచ్చిస్తే 54. అంటే 54 బస్తాలు. నాలుగు టన్నులకు పైనే!

ఇక క్రేను సంగతి. దాని మీద 12 టన్నులు అని రాసి ఉంటుంది. అయితే ఎక్కడైనా 12 టన్నులు ఎత్తుతుందా? ఎత్తదు. నిండు బిందెను చంకలో పెట్టుకుంటే మోయగలం. అదే బిందెను చెయ్యి చాపి పట్టుకోమంటే? ఒళ్లు ముందుకు తూలుతుంది. క్రేనూ అంతే. దాని చెయ్యి దూరం చాపేకొద్దీ ఎత్తే శక్తి తగ్గుతుంది. ఎంత దూరంలో ఎంత ఎత్తవచ్చో చెప్పే పట్టిక డ్రైవరు దగ్గర ఉండాలి. ఆ పట్టికలో ఉన్నవి అంకెలే. అంకెలు నేర్చుకున్నవాళ్లు ఎవరైనా అది చదవొచ్చు.

నేలనూ చూడాలి. నంద్యాల చుట్టుపక్కల నల్లరేగడి ఎక్కువ. వాన పడితే మెత్తబడుతుంది. క్రేను ఒక పక్క దిగబడితే చాలు, బోర్లా పడుతుంది. గట్టి నేల మీదే నిలపాలి. కాళ్లున్న క్రేనైతే ఆ కాళ్ల కింద వెడల్పాటి దిమ్మెలు వేయాలి.

తలెత్తి పైకీ చూడాలి. కరెంటు తీగలు ఉంటే ముందు లైన్‌మన్‌ను పిలిచి లైను ఆపించాలి. "తగలదులే" అని ధైర్యం చేయరాదు.

గాలిని తేలిగ్గా తీసుకోకూడదు. 2015 సెప్టెంబరు 11న మక్కాలో గాలివానకు పెద్ద క్రేను కూలింది. వందమందికి పైగా చనిపోయారు. మన దగ్గర వేసవిలో ఉన్నట్టుండి సుడిగాలి లేస్తుంది. గాలి లేస్తే బరువు దించి, పని ఆపాలి.

మన రాష్ట్రంలోనూ ఘోరం జరిగింది. 2020 ఆగస్టు 1న విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేనును బరువు పెట్టి పరీక్షిస్తున్నారు. అది కూలిపోయింది. 11 మంది చనిపోయారు. పరీక్ష రోజైనా, పని రోజైనా క్రేను పడే దూరంలో పనిలేని మనిషి నిలబడకూడదు.

"ఒక్క నిమిషమే కదా" అని వేలాడే రాయి కిందకు పోతారు. తెగిన వైరు ఒక్క నిమిషం కూడా ఆగదు. రాయి ఊగుతుంటే చేత్తో ఆపకూడదు. దానికి తాడు కట్టి, దూరం నుంచి పట్టుకోవాలి. పోగులు లేచిన వైరును, చిరిగిన బెల్టును పక్కన పారేయాలి. జేసీబీ బకెట్టు పళ్లకు గొలుసు తగిలించి రాయి లేపకూడదు. అవి తవ్వే పళ్లు.

సైగ చేసేవాడు ఒక్కడే ఉండాలి. పదిమంది పది రకాలుగా అరిస్తే డ్రైవరు ఎవరి మాట వింటాడు? కానీ "ఆపు" అని ఎవరు అరిచినా డ్రైవరు ఆపి తీరాలి. అరిచింది తట్ట మోసే అక్క అయినా సరే.

క్రేనును ఏడాదికి ఒకసారైనా అర్హత ఉన్న మనిషి పూర్తిగా తనిఖీ చేయాలని 1998లో కేంద్రం చేసిన నిబంధనల్లోనే ఉంది. ఆ కాగితం చూపించమని అడగడం తప్పు కాదు. "నీకెందుకు?" అంటే "దీని కింద పనిచేసేది మేమే కదన్నా" అని చెప్పాలి.

రేపు పొద్దున పనికి పోయినప్పుడు ముందు రాయిని కొలవండి. తర్వాత క్రేను మీది అంకె చదవండి. రెండూ సరిపోతేనే కొక్కెం తగిలించండి. సాయంత్రం ఇంటి దగ్గర పిల్లలు ఎదురుచూస్తుంటారు.