విద్యుత్తు కారును కొనదలచినవారికి

(ఒక పట్టణ గ్రంథాలయమున పాఠకుల సభలో మేము చేసిన ప్రసంగ పాఠము)



గత మాసమున ఈ పఠనమందిరముననే పత్రికలు చదువుకొనుచున్న యొక మిత్రుడు మమ్ము ప్రక్కకు పిలిచి యొక కాగితము చూపెను. అది కార్ల షోరూమువారు ఆయనకిచ్చిన లెక్క. విద్యుత్తు కారు వెల, బీమా, రిజిస్ట్రేషను, బ్యాంకి అప్పు, ఏడేండ్లపాటు నెలనెలకు కట్టవలసిన వాయిదా, అన్నియు అందు గలవు. "ఇది కొనదగినదేనా, చెప్పుడు" అని యాయన యడిగెను. మేము ఆయనను రెండు ప్రశ్నలు మాత్రమే యడిగితిమి. దినమునకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుదురు? రాత్రి బండి నిలుచుచోటికి మీ మీటరునుండి తీగ రాగలదా? మొదటిదానికి ఆయన వెంటనే సమాధానము చెప్పెను: కార్యాలయమునకు రానుపోను నలువది కిలోమీటర్లు. రెండవదానికి సమాధానము లేకపోయెను. ఆయన అద్దె ఫ్లాటులో నాలుగవ అంతస్తున కాపురమున్నారు. బండి నిలుపు చోటు క్రింద నున్నది. అచ్చట సంఘమువారి దీపము తప్ప వేఱు విద్యుత్తు లేదు. షోరూములో రెండు గంటలు కూర్చున్నను ఆ ప్రశ్నను ఎవ్వరును తన్నడుగలేదని యాయన చెప్పెను.

నేడు మేము చెప్పదలచిన దంతయు ఆ రెండు ప్రశ్నలలోనే యున్నది. విద్యుత్తు కారు విషయమున చవుక యనునది బండి వెలలో లేదు; దానిని కొనువాని తిరుగుడులోను, వాని యింటి ప్లగ్గులోను ఉన్నది. ఒకే కారు ఒక యింట ధనమును మిగుల్చును, ప్రక్క యింట తినివేయును.

ఈ బండి మన దేశమునకు నిన్న మొన్న వచ్చినది కాదు. బెంగుళూరున రేవా యను చిన్న విద్యుత్తు కారు 2001 సంవత్సరముననే బయలుదేరెను. సీసపు బ్యాటరీలతో ఒక్క చార్జికి ఎనుబది కిలోమీటర్లు నడచుననిరి. అది కొలదిమంది యిండ్లకే పరిమితమయ్యెను. లిథియం బ్యాటరీల వెల తగ్గిన పిదపనే సామాన్య గృహస్థు ఈ బండివంక చూడగలిగెను. టాటావారి టియాగో విద్యుత్తు కారు 2022 లో 8 లక్షల 49 వేల ప్రారంభ వెలతో వచ్చినది. 2023 లో ఎమ్.జి. వారి కామెట్ 7 లక్షల 98 వేలకు, 2024 లో టాటావారి పంచ్ విద్యుత్తు కారు 10 లక్షల 99 వేలకు వచ్చెను. ఈ వెలలన్నియు ఆయా కాలములందు ప్రకటించిన ఆరంభపు వెలలే. పండుగకొక వెల, ఏడాది చివర మఱియొక వెల యుండును గావున కొనునాటి వెలనే విచారింపవలెను.

ఇక బండి నెట్లు ఎన్నుకొనవలెను? మొదట చూడవలసినది బ్యాటరీ పరిమాణము. దానిని యూనిట్లలో చెప్పుదురు. మన యింటి మీటరుమీద తిరుగు యూనిట్టే యది. కామెటునకు 17.3, టియాగోకు 19.2 గాని 24 గాని, పంచునకు 25 గాని 35 గాని యూనిట్ల బ్యాటరీతో ఆ బండ్లు వచ్చినవి. బండి వెలలో అన్నిటికంటె అధిక భాగము ఈ బ్యాటరీదే. కావున పెద్ద బ్యాటరీ కావలెనను కోరికయే పెద్ద ఖర్చు.

ఈ కోరిక యెక్కడనుండి పుట్టుచున్నది? "సంవత్సరమునకొకమాఱు హైదరాబాదు పోవలెను గదా, తిరుపతి పోవలెను గదా" అను మాటనుండి. విజయవాడనుండి హైదరాబాదునకు ఇంచుమించు 275 కిలోమీటర్లు. ఆ యొక్క ప్రయాణము కొఱకు తక్కిన మున్నూట అఱువది దినములు పెద్ద బ్యాటరీని మోయుచు తిరుగుట యెట్టిది? ఇంట పెండ్లి జరిగినపుడు వలసిన గంగాళములను మనము కొనము, బాడుగకు తెచ్చుకొందుము. నిత్యము వండుకొనుటకు ఇంటివారి సంఖ్యకు తగిన గిన్నెనే కొందుము. కారును గూడ నిత్యపు తిరుగుడునకు తగినదిగా కొని, ఏటి ప్రయాణమునకు రైలునో బస్సునో బాడుగ బండినో ఆశ్రయించుట వివేకము.

అయితే తగినదని యెట్లు తెలియును? ప్రకటనలలోని దూరము కొలతశాలలో కొలిచినది. 24 యూనిట్ల టియాగోకు 2022 లో ప్రకటించిన దూరము 315 కిలోమీటర్లు. మన యెండలో, చల్లని యంత్రము నడుచుచుండగా, నలుగురు కూర్చున్న బండి అందులో మూడింట రెండు వంతులు నడచినచో సంతోషింపవలెను. మఱియొక విశేషము గలదు. పెట్రోలు బండి ఊరిలోకంటె రహదారిమీద మేలుగా నడచును. విద్యుత్తు బండి స్వభావము దీనికి విరుద్ధము. ఊరిలో బండి నెమ్మదించినప్పుడెల్ల కొంత శక్తి తిరిగి బ్యాటరీని చేరును. రహదారిపై వేగము హెచ్చినకొలది గాలి యడ్డగింపు మిక్కుటమై దూరము తగ్గును. కావున నిత్యపు తిరుగుడు ఎంతయో అంతకు రెండింతలు నిజముగా నడచు బండి చాలును. అంతకు మించినది వ్యర్థము.

ఇప్పుడు లెక్కకు వత్తము. పెట్రోలు లీటరు 110 రూపాయలనియు, చిన్న కారు లీటరుకు 16 కిలోమీటర్లు పోవుననియు అనుకొందము. కిలోమీటరునకు సుమారు 6 రూపాయల 90 పైసలు. విద్యుత్తు కారు చార్జి చేయునపుడు కలుగు నష్టముతో సహా యూనిట్టునకు 7 కిలోమీటర్లు పోవుననియు, యూనిట్ 9 రూపాయలనియు అనుకొందము. కిలోమీటరునకు సుమారు 1 రూపాయి 30 పైసలు. మిగులు 5 రూపాయల 60 పైసలు. అదే తరగతి పెట్రోలు కారుకంటె విద్యుత్తు కారు రెండున్నర లక్షలు ఎక్కువైనచో ఆ యెక్కువ తిరిగివచ్చుటకు ఇంచుమించు 45 వేల కిలోమీటర్లు నడువవలెను.

గుంటూరున కాపురముండి విజయవాడలో ఉద్యోగము చేయువాడు రానుపోను 70 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 దినములు తిరిగినచో ఏడాదికి 21 వేల కిలోమీటర్లగును. వానికి రెండేండ్లు దాటిన కొలది కాలమునకే ఆ ధనము చేతికి వచ్చును. గుడికిని అంగడికిని మాత్రమే బండి తీసి నెలకు 300 కిలోమీటర్లు తిరుగు గృహస్థునకో, పండ్రెండేండ్లు దాటును! అంత తక్కువ తిరుగువాడు పొగ లేదను తృప్తికొఱకో, చప్పుడు లేదను సుఖము కొఱకో కొనవచ్చును. ధనము మిగులునని మాత్రము కొనరాదు.

ఇంట ప్లగ్గు లేనివాని సంగతి చూడుడు. బజారులోని త్వరిత చార్జి కేంద్రమున పన్నుతో యూనిట్ 21 రూపాయలైనచో కిలోమీటరునకు 3 రూపాయలు పడును. మిగులు తగ్గి, 45 వేల కిలోమీటర్లు 65 వేలగును. దానికి తోడు వరుసలో వేచియుండుట, ఒకనాడు యంత్రము పనిచేయక వెనుదిరుగుట. చిన్న వెల బండ్లలో కొన్నిటికి త్వరిత చార్జి సౌకర్యమే యుండదు, 2023 లో కామెట్ అట్టిదిగానే వచ్చెను. అట్టి బండిని ఇంట ప్లగ్గు లేనివాడు కొనుట, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్లే.

యూనిట్ 9 రూపాయలని మేము ఏల లెక్క వేసితిమో చెప్పవలెను. "మా యింట యూనిట్ మూడు రూపాయలే" అని కొందఱు సంతోషింతురు. మన గృహ విద్యుత్తు రేటు మెట్లు మెట్లుగా పెరుగును. ఆంధ్రప్రదేశమున 2022 లో నిర్ణయించిన రేట్ల ప్రకారము నెలకు 225 యూనిట్లు దాటినవానికి 8 రూపాయల 75 పైసలు, 400 దాటినవానికి 9 రూపాయల 75 పైసలు. సర్దుబాటు చార్జీలు వేఱు. ఇల్లు వాడుకొనుచున్న యూనిట్లపై కారు యూనిట్లు చేరును గావున అవి పై మెట్లలోనే పడును. వాహనముల చార్జికి వేఱు రేటుతో వేఱు మీటరు దొరకునేమో విద్యుత్తు కార్యాలయమున ముందుగా విచారింపవలెను.

బ్యాటరీని అమ్మక అద్దెకిచ్చు పద్ధతి 2024 లో వచ్చినది. ఎమ్.జి. వారు విండ్సర్ కారును 9 లక్షల 99 వేలకును, కిలోమీటరునకు 3 రూపాయల 50 పైసల బ్యాటరీ అద్దెకును ఇచ్చెదమనిరి; కామెటును 4 లక్షల 99 వేలకును, 2 రూపాయల 50 పైసల అద్దెకును ప్రకటించిరి. చేతి సొమ్ము తక్కువగా నున్నవానికి ఇది యుపకారమే. అయినను అద్దెకు విద్యుత్తు ఖర్చు కూడిన విండ్సర్ కిలోమీటరునకు 4 రూపాయల 80 పైసలగును. ఎక్కువ తిరుగువాని లాభమంతయు అద్దెలో పోవును. నెలకు ఇంతకు తక్కువ నడిపినను ఇంత చెల్లింపవలెనను నియమము గలదేమో సంతకమునకు ముందే చదువవలెను.

పన్నుల విషయమున పాత లెక్కలను నమ్మరాదు. విద్యుత్తు కార్లపై జి.ఎస్.టి. 2019 ఆగస్టునుండి నూటికి 5 అయ్యెను. చిన్న పెట్రోలు కార్లపై నూటికి 28 గా నున్నది 2025 సెప్టెంబరు 22 నుండి 18 కి తగ్గెను. కావున రెండింటి నడుమ వెల తేడాలు మాఱినవి. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో విద్యుత్తు వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును 2026 డిసెంబరు 31 వఱకు మినహాయించెదమని ప్రకటించెను. ఇట్టి మినహాయింపులకు గడువుండును. కొనునాడు రవాణా కార్యాలయమున అడిగి తెలిసికొనుడు.

ఇంట చేయవలసిన పనులు కొన్ని గలవు. 15 యాంపియర్ల ప్లగ్గు చాలును. నలువది కిలోమీటర్ల తిరుగుడునకు ఆఱు యూనిట్లు రెండు గంటలలో నిండును. కాని తీగ లావుగా నుండవలెను, ఎర్తు సరిగా నుండవలెను, మీటరునకు మంజూరైన లోడు చాలవలెను. పాత తీగలపై గంటలకొలది ఇంత భారము మోపుట నిప్పుతో చెలగాటము. 2024 సెప్టెంబరున బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని బండ్లు నీట మునిగినవో మనమెఱుగుదుము. పల్లపు చోట నుండువారు ప్లగ్గును ఎత్తున పెట్టించుకొని, వఱద నష్టము బీమాలో చేరినదో లేదో చూచుకొనవలెను.

బ్యాటరీ పూచీ ఎన్ని యేండ్లో, ఎన్ని కిలోమీటర్లో పత్రముపై చదువుడు. టియాగోకు ఎనిమిదేండ్లు లేక 1 లక్ష 60 వేల కిలోమీటర్లని ప్రకటించిరి. ఇతరులు వాడిన బండిని కొనువారు బ్యాటరీ యిప్పుడెంత నిలుపుచున్నదో పరీక్ష చేయించి, పూచీ తమ పేరికి మాఱునో లేదో వ్రాతమూలకముగా తెలిసికొనవలెను. లిథియం ఇనుము ఫాస్ఫేటు రకపు బ్యాటరీ కొంత బరువైనను మన యెండలకు ఎక్కువ ఓర్చును. బండి మన దేశమున తయారైనను దానిలోని కణములలో అధిక భాగము ఇప్పటికిని పరదేశములనుండి, ముఖ్యముగా చీనానుండి, వచ్చుచున్నవి. మహబూబునగరము చెంత దివిటిపల్లిలో అమరరాజావారి కణముల కర్మాగారమునకు 2023 లో శంకుస్థాపన జరిగెను. అట్టివి వృద్ధియైననాడు బ్యాటరీ మార్పిడి వెల మన చేతిలోనికి వచ్చును. అంతదాక పూచీ పత్రమే మనకు రక్ష.

మా మిత్రుని సంగతి చెప్పి ముగింతుము. ఆయన తిరుగుడు ఏడాదికి 12 వేల కిలోమీటర్లు. ఇంట ప్లగ్గున్నచో నాలుగేండ్లలోపున లాభము. లేనిచో ఐదేండ్లు దాటును, వడ్డీ వేఱు. కావున ఆయన కారును కొనలేదు. ముందుగా ఇంటి యజమానికి ఒక జాబు, అపార్ట్‌మెంటు సంఘమునకు ఒక జాబు వ్రాసెను. కొత్త కట్టడములలో బండ్లు నిలుపు చోటులలో నూటికి ఇరువదింటికి చార్జి వసతి యుండవలెనని కేంద్ర ప్రభుత్వము 2019 లో మాదిరి నిబంధనలలో చేర్చెను. పాత కట్టడములవారు తమంతట తామే పూనుకొనవలసియున్నది. ఖర్చు తానే భరించెదననియు, తన మీటరునుండియే తీగ తెచ్చుకొందుననియు ఆయన వ్రాసెను. మొదట "నిప్పు భయము" అనినవారే, మంచి తీగ, ఎర్తు, ప్రత్యేకపు స్విచ్చి ఉండునని వినిన పిదప మెత్తబడిరి. ఇప్పుడా జాబు క్రింద మఱి మూడు కుటుంబముల సంతకములు గలవు. వచ్చు సర్వసభ్య సమావేశమున అది చర్చకు వచ్చును.

సోదరులారా! సంఘములలో సభ్యులైనవారు మీలో ఎందఱో గలరు. అట్టి జాబు మీ యెదుటికి వచ్చిననాడు దానిని ప్రక్కకు నెట్టకుడు. కొనదలచినవారు రేపు షోరూమునకు పోవుటకు ముందు మీ విద్యుత్తు బిల్లును, గత మూడు మాసములలో తిరిగిన కిలోమీటర్లను ఒక కాగితముపై వ్రాసికొనుడు. ఆ కాగితము చేతనున్నవానిని ఏ అమ్మకందారుడును సులభముగా మోసగింపజాలడు.