సొంత నేలపై చక్రాల ఇల్లు



నేల మన పేరున రిజిస్టరైనంత మాత్రాన దానిపై నివసించే హక్కు కలుగుతుందా? ఇంగ్లండులోని జిప్సీల వ్యాజ్యాలలో పదేపదే ఎదురయ్యే ప్రశ్న ఇది. ఈజిప్టు నుండి వచ్చినవారన్న అపోహ వలన వారికా పేరు వచ్చినది గాని, వారి రోమానీ భాషకు మూలం మన ఉపఖండమే. వారికి ఇల్లంటే కారవాన్, అనగా బండికి తగిలించి తీసుకొనిపోగల గది.

అట్టి కారవాన్లకు స్థలాలు ఏర్పరచవలసిన బాధ్యతను 1968 నాటి చట్టం స్థానిక సంస్థలపై ఉంచినది. 1994లో ఆ బాధ్యతను రద్దు చేసి, మీరే భూమి కొనుక్కొని అనుమతి కోరుకొనుడని ప్రభుత్వం వారికి చెప్పినది. భూమి కొన్నవారు ఉన్నారు. అనుమతి దొరకడమే కష్టమైనది. నగరాల చుట్టూ కట్టడాలు పెరగకుండా కాపాడే హరితవలయంలో ఆ భూమి ఉన్నదంటే నిరాకరణ దాదాపు నిశ్చయమే. అటుపై తొలగింపు నోటీసు, జరిమానా, చివరకు ఖాళీ చేయించుట.

చాప్‌మన్ కేసులో జరిగినది ఇదే. 2001లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం పదిమంది న్యాయమూర్తుల మెజారిటీతో ప్రభుత్వ పక్షాన తీర్పు చెప్పినది, ఏడుగురు విభేదించారు. అయినను, కారవాన్ జీవనం జిప్సీల అస్తిత్వంలో భాగమనీ, దానికి వీలు కల్పించే బాధ్యత రాజ్యానికి కొంత ఉన్నదనీ ఆ తీర్పే అంగీకరించినది. ఓడిన కేసులో దక్కిన ఈ మాటను నేను చిన్నదిగా భావించను. 2003లో పోర్టర్ కేసున ప్రభువుల సభ మరొక అడుగు వేసినది. పురపాలక సంస్థ అడిగినదని న్యాయమూర్తి ఇంజంక్షన్ ఇచ్చివేయరాదు. ఆ కుటుంబానికి కలిగే కష్టమెంత, పిల్లల చదువు, రోగుల వైద్యం ఏమగును, పోవుటకు వేరొక చోటున్నదా అని తానే తూచి చూడవలెను.

తూచిన ప్రతిసారీ కుటుంబమే నెగ్గునని అనుకోవద్దు. ఎసెక్స్‌లోని డేల్ ఫార్మ్‌లో ఐరిష్ సంచార కుటుంబాలు సుమారు ఎనభై, తాము కొన్న భూమి నుండే 2011 అక్టోబరులో పోలీసుల నడుమ వెళ్లగొట్టబడినవి. హరితవలయం అందరి ఆస్తి అన్న పొరుగువారి మాటలోనూ న్యాయమున్నది. కాని స్థలం చూపక తొలగించిన కారవాన్ మరొక రోడ్డు పక్కన నిలవక ఎక్కడికి పోవును?

మన దేశంలో 1985 నాటి ఓల్గా టెల్లిస్ తీర్పు ఇట్టిదే. బొంబాయి పేవ్‌మెంటు నివాసులది. జీవనోపాధి జీవించే హక్కులో భాగమన్నది సుప్రీంకోర్టు. పేవ్‌మెంటు ఖాళీ చేయించే అధికారం మునిసిపాలిటీకి ఉన్నదనీ అన్నది. అయితే వానకాలం గడిచేవరకు ఆగవలెనని ఆదేశించినది. తొలగింపునకు ముందు వారి మాట వినుట నియమమనీ చెప్పినది. కావున మీ వాడలో ఎవరి గుమ్మానికైనా నోటీసు అంటించినచో, దానిని చించివేయనీయకండి. అందులోని గడువు తేదీని చదివించుకొని, ఆ తేదీలోపు వ్రాతపూర్వకంగా జవాబిచ్చి, అందినట్లు సంతకం, ముద్ర వేయించుకొనుడు.