వజ్రాల ఊరు చూసొద్దాం

మా పెదవేగి దిబ్బలు చూపించి, ఒకప్పుడిది శాలంకాయనుల రాజధాని అంటే పిల్లలు ఓ పట్టాన నమ్మరు. రాజధానులే కాదు, గనుల ఊళ్ళ గతీ అంతే. ఈ సెలవుల్లో కారులో బయలుదేరితే, విజయవాడ దాటి కృష్ణ ఒడ్డున పులిచింతల దాకా వెళ్ళి రండి. ఆ జలాశయం నీళ్ళ కిందే పాత కొల్లూరు ఉంది.

17వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, 60 వేల మంది వజ్రాల గనుల్లో పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వితే ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోసేవారట. ఆ మట్టిని నీళ్ళలో నానబెట్టి, ఎండబెట్టి, మనం ధాన్యం చెరిగినట్టే చెరిగేవారట. దుమ్ము గాలికి పోతుంది, రాళ్ళు మిగులుతాయి. గడ్డలుంటే రోకళ్ళతో దంచి మళ్ళీ చెరగడమే. చూశారా, అన్నీ మన ఇంటి పనులే!

కాలక్రమాన గనులు మూతపడ్డాయి, జనం చెదిరిపోయారు. 2013లో ప్రారంభమైన ప్రాజెక్టు నీళ్ళు మిగిలిన గుంతల్నీ కప్పేశాయి.

నీళ్ళు చూడటానికి అంత దూరమా అంటారేమో. పిల్లల్ని గట్టున కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పండి. కోహినూరు ఇక్కడిదేనంటారు. అది ఎవరెవరి చేతులు మారిందో పుస్తకాల్లో ఉంది. మట్టి తట్టలు మోసిన తల్లుల పేర్లు మాత్రం మనకు ఒక్కటీ తెలియదు. వాళ్ళనీ ఒకసారి తలుచుకోమనండి.