దస్తర్‌ఖాన్ ఎత్తిన తరువాత

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!



రమజాన్ సమీపిస్తోంది. ఖర్జూరాలు ఎవరిస్తారు, హలీమ్ ఎవరు వండిస్తారు అన్నది ప్రతి ఏటా ముందుగానే నిర్ణయించుకుంటాం. దస్తర్‌ఖాన్ ఎత్తిన తరువాత మిగిలేదాని గురించి మాత్రం మనం ఎన్నడూ చర్చించలేదు.

గత రమజాన్‌లో ఒకనాడు మగ్రిబ్ జమాఅత్‌కు వేళవుతున్నదన్న తొందరలో మన యువకులు సగం తిన్న పండ్లు, ఎముకలు, నీళ్ల సీసాలు, పగిలిన షర్బత్ గ్లాసు అన్నిటినీ ప్లాస్టిక్ దస్తర్‌ఖాన్‌లో చుట్టి ఒకే సంచిలో వేశారు. మరునాటి ఉదయం చెత్త ఆటోతో వచ్చిన కార్మికుడు ఆ సంచిని ఎత్తగా గాజు ముక్క అరచేతిలో దిగింది. కుట్లు పడ్డాయి. పది రోజులు ఆయనకు పని లేదు. దారిలోని హానికర వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక శాఖ అని బోధించిన ప్రవక్త (స) అనుచరులమైన మనమే ఒక మనిషి చేతికి గాజు అందించాం. ఆ తప్పు యువకులది కాదు. వారికి రెండో సంచి ఇవ్వని పెద్దలది, అందులో మేమూ ఉన్నాం.

ఆ సంచి అక్కడితో ఆగదు. మన హైదరాబాదు చెత్త జవహర్‌నగర్ యార్డుకు చేరుతుంది. తడి ఆహారం గాలి అందని గుట్టల కింద కుళ్ళి మీథేన్ వాయువుగా మారుతుంది. నల్లని ఊట నేలలోకి ఇంకుతుంది. దుర్వాసన గురించి, నీటి గురించి ఆ చుట్టుపక్కల నివసించేవారు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటున్నారు. వారు మన పొరుగువారు కారా?

తినమని, తాగమని ఆదేశించిన అల్లాహ్ ఆ వెంటనే మితిమీరవద్దని సూరా అల్ ఆరాఫ్ 31వ ఆయత్‌లో హెచ్చరించాడు. పళ్ళెంలో కొంత వదలడం మర్యాద అని మనలో కొందరి భావన. సున్నత్ దీనికి భిన్నం. ఆహారంలోని ఏ భాగంలో శుభం ఉన్నదో తెలియదు గనుక పళ్ళెం తుడిచి తినమని ప్రవక్త (స) నేర్పారు. కనుక ముందు వడ్డన తగ్గాలి. డబ్బాల సంగతి ఆ తరువాతే.

చట్టం కూడా మనల్ని మినహాయించలేదు. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు ప్రార్థనా స్థలాలను పేరెత్తి చెప్పాయి. నూరు మందికి మించి హాజరయ్యే కార్యక్రమంలో చెత్తను అక్కడికక్కడే వేరుచేయడం నిర్వాహకుల బాధ్యత అన్నాయి. ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు 2022 జులై 1 నుండి నిషిద్ధం. పేపర్ కప్పులోనూ సాధారణంగా ప్లాస్టిక్ పూత ఉంటుంది. స్టీలు గ్లాసులు కడగడానికి నీళ్లు ఖర్చవుతాయని ఒక పెద్దాయన అభ్యంతరం తెలిపారు. న్యాయమైన మాటే. అయితే ప్రవక్త (స) ఒక ముద్దు నీటితో, అంటే నేటి లెక్కలో లీటరు లోపే, వుజూ చేసేవారు. మన వుజూఖానా కుళాయిలను చూస్తే ఆ నీళ్లు ఎక్కడ మిగల్చాలో తెలుస్తుంది.

మస్జిద్ ఆవరణలో ఎరువు గుంత తగునా అని కూడా అడిగారు. పండ్ల తొక్కలు, అన్నం మెతుకులు అపవిత్రాలు కావు. అసలు చిక్కు వాసన. పచ్చి వెల్లుల్లి తిన్నవారినే మస్జిద్‌కు దూరంగా ఉండమన్నారు ప్రవక్త (స). అందుచేత గుంత వెనుక గోడ దగ్గర ఉంటుంది. ఒక బుట్ట తొక్కలు వేస్తే రెండు బుట్టల ఎండు వేపాకు కప్పాలి. అప్పుడప్పుడు తిరగవేయాలి. ఎముకలు, హలీమ్, నూనె పదార్థాలు అందులో వేయరాదు, ఎలుకలు, కుక్కలు చేరుతాయి. రెండు మూడు నెలల్లో అది మట్టి వాసన గల ఎరువవుతుంది.

కాగితాల డబ్బా విషయంలో జాగ్రత్త వహించండి. ఆయత్‌లు, అల్లాహ్ నామం ఉన్న కరపత్రాలు, క్యాలెండర్లు రద్దీలో కలపకూడదు. వాటికి వేరే పెట్టె ఉంటుంది. వాటిని శుభ్రమైన గుడ్డలో చుట్టి, ఎవరూ తొక్కని చోట పూడ్చిపెడతాం.

నీళ్ల సీసాల పెట్టెలు విరాళంగా ఇవ్వదలచిన సోదరులు ఈసారి స్టీలు గ్లాసులు ఇవ్వండి. నమాజు తరువాత కమిటీవారిని కలవండి. గాజుకు, ఎముకలకు విడివిడి డబ్బాలు వుజూఖానా పక్కన ఉంటాయి. గత ఏడు గాయపడిన ఆ సోదరుణ్ణి మొదటి ఇఫ్తార్‌కు ఆహ్వానించాం. వస్తానన్నారు.